నార్మలా, పవరా?

"సార్, పవర్ కొట్టమంటారా, నార్మలా?"

అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద, దాచేపల్లి దాకా వచ్చి, ఏ బంకులోకి కారు తిప్పినా మొదట వినపడే మాట ఇదే. కుర్రాడి చేతిలో పైపు సిద్ధంగా ఉంటుంది. వెనక సిమెంటు లారీ హారన్ మోగిస్తూ ఉంటుంది. ఆలోచించుకోడానికి దొరికేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో మనసులో మెదిలేది ఒకటే: లీటరుకి ఏడెనిమిది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారంటే అందులో ఏదో గొప్ప ఉండే ఉంటుంది, బండి మీద లక్షలు పోశాం, ఆయిల్ దగ్గర కక్కుర్తి దేనికి? "సరే, పవరే కొట్టు."

కొన్నేళ్ల కిందటి వరకు పల్నాడులో ఈ ప్రశ్నకి ఇంత గిరాకీ లేదు. ఇక్కడ కారంటే డీజిల్ కారే. ట్రాక్టరుకి పట్టిన క్యానులోంచే కారుకీ పోసుకునేవాళ్లు. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసింది. అదే నెలలో దేశమంతా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి, చిన్న డీజిల్ కార్ల ధర కొండెక్కింది. దాంతో మిర్చి డబ్బు చేతికొచ్చిన ఏడాది కారు కొనే రైతు కూడా పెట్రోలు బండికే మళ్లాడు. ఆ మళ్లడంతోపాటు నార్మలా పవరా అన్న తగువు కూడా ఇంటికొచ్చింది.

నా మాట ముందే చెబుతాను. మన చుట్టుపక్కల తిరిగే పెట్రోలు కార్లలో చాలావాటికి ఆ అదనపు డబ్బు దండగ. బైకుల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఎందుకు దండగో, ఎవరికి దండగ కాదో తెలియాలంటే ముందు ఆక్టేన్ అంటే ఏమిటో సరిగ్గా తెలియాలి. అక్కడ పడిన తికమకే మిగతా అంతటికీ మూలం.

ఆక్టేన్ అంటే బలం కాదు. పెట్రోలులో దాగిన శక్తిని కొలిచే అంకె కాదది. ఇంజను సిలిండరులోకి పెట్రోలు ఆవిరి, గాలి కలిసి వస్తాయి. పిస్టను వాటిని పైకి అదిమి నొక్కుతుంది. సరిగ్గా సమయానికి ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది, మంట ఆ రవ్వ దగ్గర మొదలై వరసగా అంటుకుంటూ పోతుంది. అలా కాకుండా, నొక్కుడికీ వేడికీ తట్టుకోలేక మిశ్రమంలో కొంత భాగం మంట అందకముందే తనంతట తాను భగ్గుమంటే పిస్టను మీద సుత్తి దెబ్బ పడ్డట్టు అవుతుంది. లోపలినుంచి గోళీలు గలగలలాడినట్టు చప్పుడు వస్తుంది. "ఇంజను కొట్టుకుంటోంది" అని మెకానిక్కులు అనేది దీన్నే. అలా తొందరపడి అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకోగలదో చెప్పే అంకె ఆక్టేన్. 1920ల్లో అమెరికాలో గ్రాహం ఎడ్గార్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ కొలతకి పునాది వేశాడు. బాగా ఓర్చుకునే ఐసో-ఆక్టేన్‌కి 100, అసలు ఓర్చుకోలేని హెప్టేన్‌కి 0. మన పెట్రోలు 91 అంటే, ఆ రెండింటినీ 91కి 9 పాళ్లలో కలిపితే ఎంత ఓర్పు ఉంటుందో అంత ఉందని అర్థం.

మిర్చి పండించేవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. గుంటూరు యార్డులో తేజ టిక్కీలు వేరు, బ్యాడిగి టిక్కీలు వేరు. తేజని ఘాటు కోసం కొంటారు, బ్యాడిగిని రంగు కోసం కొంటారు. బ్యాడిగిలో మంట లేదని దాన్ని తాలు కాయల్లో పడేసేవాళ్లు లేరు. రంగు ఎక్కువుంది కాబట్టి మంట కూడా ఎక్కువుంటుందని అనుకునేవాళ్లూ లేరు. ఏ సరుకు ఏ పనికి అన్నదే లెక్క. ఆక్టేన్ కూడా అంతే, ఒక గుణానికి కొలత. ఎక్కువ నొక్కుడు ఉన్న ఇంజనుకి, టర్బోతో గాలిని కూరి నింపే ఇంజనుకి ఆ ఓర్పు కావాలి. మామూలు ఇంజనులో ఆ ఓర్పుకి పనే లేదు. 91 సరిపోయేలా తయారుచేసిన బండిలో 95 పోస్తే అదేమీ ఎక్కువ శక్తినివ్వదు, అదే శక్తితో మండుతుంది. "పవర్" అన్న పేరే మన చెవికి తప్పుదారి చూపిస్తోంది. అది ఒక కంపెనీ సరుకు పేరు. మన బంకుల్లో ఏ కంపెనీ ప్రీమియం అయినా జనం నోట పవరే.

ఈ ప్రీమియం పెట్రోళ్లు మనకి 2002 ప్రాంతంలో వచ్చాయి. భారత్ పెట్రోలియం స్పీడ్ అంది, హిందుస్థాన్ పెట్రోలియం పవర్ అంది, ఇండియన్ ఆయిల్ కూడా తన పేరుతో దిగింది. ఆ తరం ప్రీమియంలో అసలు సరుకు ఆక్టేన్ కాదు, శుభ్రం చేసే మందు. ఇంజెక్టర్ల మూతుల దగ్గర, వాల్వుల మీద పేరుకునే జిడ్డునీ మసినీ కరిగించే రసాయనాన్ని కొద్ది మోతాదులో కలిపేవాళ్లు. తర్వాత ప్రభుత్వం బ్రాండు పెట్రోలు మీద ఎక్సైజ్ సుంకం పెంచుకుంటూ పోయేసరికి రెండింటి మధ్య ధర తేడా పెరిగి ప్రీమియం అమ్మకాలు పడిపోయాయి. 2014 జులై బడ్జెట్‌లో ఆ సుంకాన్ని లీటరుకి ఏడున్నర రూపాయల నుంచి రెండు రూపాయల ముప్పై అయిదు పైసలకి తగ్గించాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఇప్పటికీ బ్రాండు పెట్రోలు మీద సుంకం సాదా దానికన్నా కొంచెం ఎక్కువే. అంటే మనం కట్టే ఏడెనిమిది రూపాయల్లో కొంత మందుకీ ఆక్టేన్‌కీ కాదు, నేరుగా పన్నుకే పోతోంది.

ఇప్పుడు దొరికేవి రెండో తరం. ఎక్స్‌పీ95, పవర్95 అని పేరులోనే అంకె వేసుకున్నాయి. వీటిలో మందూ ఉంది, ఆక్టేన్ కూడా ఎక్కువే. 2020 డిసెంబరు 1న ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 అని 100 ఆక్టేన్ పెట్రోలు కూడా తెచ్చింది. అది పెద్ద నగరాల్లో, ఖరీదైన స్పోర్ట్స్ బైకులు, కార్లు ఉన్నవాళ్ల కోసం. లీటరు 160 రూపాయల దగ్గరుంటుంది. దాచేపల్లి వాసులకి దాంతో పనిలేదు.

మరి 95 ఆక్టేన్‌తో మామూలు కారుకి ఒరిగేదేమిటి? దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో సాదా పెట్రోలుకి తయారైన కార్లలో ప్రీమియం పోసి పరీక్షించింది. గుర్రపు శక్తిలోగాని, మైలేజీలోగాని, పొగలోగాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అవసరం లేకపోయినా ప్రీమియం పోయించుకున్న అమెరికన్లు 1.65 కోట్ల మంది ఉన్నారని, వాళ్లు ఒక్క ఏడాదిలో 210 కోట్ల డాలర్లకు పైగా వృథా చేశారని అదే సంస్థ లెక్కగట్టింది. మరుసటి ఏడాది ఇంకో రకం బళ్లు పట్టుకుంది. ప్రీమియం తప్పనిసరి కాదు గానీ పోస్తే మంచిదని తయారీదారులే చెప్పిన కార్లవి. వాటిలో మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. అంతే.

మన లెక్క మనం వేసుకుందాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు, లీటరుకి 16 ఇస్తుందనుకుందాం. నెలకి అరవై రెండున్నర లీటర్లు. లీటరుకి ఏడున్నర ఎక్కువ పెడితే నెలకి 470 రూపాయలు, ఏడాదికి అయిదున్నర వేలు దాటుతుంది. సాదా పెట్రోలు 110 రూపాయల దగ్గర ఉన్నప్పుడు ఈ ఏడున్నర గిట్టాలంటే మైలేజీ దాదాపు ఏడు శాతం పెరగాలి. పదహారు ఇచ్చే బండి పదిహేడు దాటి ఇవ్వాలి. ప్రీమియం కోరుకునే బళ్లలోనే మూడు శాతం రానప్పుడు, దాని అవసరమే లేని బండిలో ఏడు ఎక్కడినుంచి వస్తుంది?

"నేను పోయిస్తున్నా, పికప్ తేడా తెలుస్తోంది" అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు అబద్ధమాడటం లేదు. కొత్త కార్లలో నాక్ సెన్సర్ అని ఒకటుంటుంది. ఇంజను కొట్టుకునే సూచన కనపడగానే కంప్యూటరు ప్లగ్గు రవ్వ పడే సమయాన్ని కాస్త వెనక్కి జరుపుతుంది. చప్పుడు ఆగుతుంది, దాంతోపాటు లాగుడు కూడా తగ్గుతుంది. అలాంటి బండిలో ఎక్కువ ఆక్టేన్ పోస్తే కంప్యూటరు రవ్వని మళ్లీ ముందుకి తెస్తుంది, పోయిన లాగుడు తిరిగొస్తుంది. టర్బో ఇంజన్లలో, మండు వేసవిలో, నలుగురైదుగురు ఎక్కి ఏసీ వేసుకుని పోతున్నప్పుడు ఈ తేడా నిజంగానే ఉండొచ్చు. ఈ సందర్భాన్ని నేను తీసిపారేయను. అంబాసిడర్ల కాలంలో ఇదే పని మెకానిక్ చెవి చేసేది. డిస్ట్రిబ్యూటర్ పట్టుకుని వెంట్రుకవాసి తిప్పి, "ఇప్పుడు లాగు చూద్దాం" అనేవాడు.

వేసవి మాట వచ్చింది కాబట్టి పల్నాడు సంగతి కాస్త ఆగి చెప్పాలి. ఆంధ్రదేశంలో ఎండ ఎక్కువగా కాసే ఊళ్ల పేర్లు చెప్పమంటే రెంటచింతల పేరు ముందుంటుంది. అది మన పక్కనే. లోపలికి పీల్చే గాలి ఎంత వేడిగా ఉంటే ఇంజను కొట్టుకునే గుణం అంత ఎక్కువ. కాబట్టి మే నెలలో ఇక్కడ తిరిగే బండి చల్లటి ఊళ్లో తిరిగే బండికన్నా ఎక్కువ ఓర్పున్న పెట్రోలు అడుగుతుందన్న మాట నిజమే. ఈ ఒక్క కారణం పట్టుకుని నేను కూడా కొంతకాలం ప్రీమియం వైపు వాదించాను. మా బాబాయి బండి ఆ వాదన మార్పించింది.

బాబాయిది పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఏడెనిమిదేళ్లనాటిది. ఓ వేసవిలో సత్తెనపల్లి మీదుగా గుంటూరు పోయి వస్తుంటే, లారీని దాటబోయినప్పుడల్లా బానెట్లోంచి గలగల చప్పుడు మొదలైంది. ఎవరో చెబితే ప్రీమియం కొట్టించాడు. చప్పుడు తగ్గింది. "చూశావురా, ఆయిల్లోనే ఉంది కిటుకు" అన్నాడు. రెండు నెలలు అదే పోయించాడు. ఓ రోజు ఏసీ వేసుకుని పిడుగురాళ్ల దాటుతుంటే వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. పక్కకి ఆపి, చల్లారాక, దగ్గర్లోని షెడ్డుకి తీసుకుపోయాం.

మెకానిక్ ముందు గ్రిల్లు ఊడదీశాడు. రేడియేటర్ ఏదో దుప్పటి కప్పుకున్నట్టుంది. సన్నటి అల్యూమినియం రెక్కల మధ్య పత్తి పీచు, దాని మీద సున్నం బట్టీల బూడిద లాంటి దుమ్ము, ఆ దుమ్ము మీద ఎప్పటిదో వాన తడి. అంతా కలిసి అట్టకట్టింది. వేలితో గీకితే పొరలు పొరలుగా వచ్చింది. "అన్నా, దీంట్లోంచి గాలి ఎట్లా పోయిద్దనుకున్నారు?" అన్నాడు. తర్వాత మూత తీసి లోపలికి టార్చి వేసి చూపించాడు. గొట్టాల లోపలి గోడలకి తెల్లగా పెంకు కట్టి ఉంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా బాబాయి బోరు నీళ్లు పోస్తూ వచ్చాడు. మన నేల కింద ఉన్నదంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలూ సున్నం బట్టీలూ ఇక్కడికి వచ్చింది దానికోసమే. ఆ రాతిలోంచి వచ్చిన నీళ్లు కాగితే కుండకి ఏం పడుతుందో రేడియేటరుకీ అదే పడుతుంది. బయట పీచు, లోపల పెంకు. ఇంజను చల్లబడే దారి రెండు వైపులా మూసుకుపోయింది.

ఇంజను అలా కాగిపోతూ ఉండబట్టే కొట్టుకుంది. ప్రీమియం దాని ఓర్పుతో కొన్నాళ్లు ఆ చప్పుడుని మూసిపెట్టింది, రోగం లోపల ముదిరింది. రేడియేటర్ కడిగించి, సరైన కూలెంట్ పోయించాక సాదా పెట్రోలుతోనే చప్పుడు లేదు. ఆ పనికైన ఖర్చు బాబాయి రెండు నెలల్లో ప్రీమియం మీద పెట్టిన అదనపు డబ్బుకి అటూ ఇటూగా ఉంది. ఇంజను కొట్టుకుంటుంటే ముందు చూడాల్సింది బంకు బోర్డు కాదు, బానెట్ కింద.

ఇక అసలు కథలోకి వద్దాం. ఈ మూడు నాలుగేళ్లలో సాదా పెట్రోలు సాదాగా లేదు. ఇథనాల్ కలపడం మన దేశంలో 2003లోనే మొదలైనా చాలాకాలం నత్తనడకన సాగింది. 2022 జూన్ నాటికి దేశ సగటు పది శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని 20 శాతం ఇథనాల్ పెట్రోలు, అంటే ఈ20 అమ్మకాలు ప్రారంభించారు. 2025కల్లా దేశమంతటా అదే మామూలు పెట్రోలు అయిపోయింది. ఇథనాల్ ఆక్టేన్ 108.5 దాకా ఉంటుంది. అది కలిసేసరికి మిశ్రమం ఆక్టేన్ పెరిగింది. బీఎస్-2 కాలంలో 88గా, తర్వాత 91గా ఉన్న సాదా పెట్రోలు ఆక్టేన్ ఈ20తో 95కి చేరిందని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో చెప్పింది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది. సిలిండరులోకి పోయే గాలి కాస్త చల్లబడుతుంది. మన వేసవికి పనికొచ్చే గుణమే అది.

దీని అర్థం ఎంతమంది గమనించారో తెలియదు గానీ, నా దృష్టిలో మొత్తం ప్రశ్నని తిరగరాసింది ఇదే. ప్రీమియం అని ఏడెనిమిది రూపాయలు ఎక్కువపెట్టి కొంటున్న 95, ఇప్పుడు సాదా పైపులోంచి కూడా వస్తోంది. 91కీ 95కీ మధ్య ఉన్న తేడాని ఆధారం చేసుకుని చెప్పిన లాభాలన్నీ పాతబడ్డాయి. ఇక ప్రీమియంలో మిగిలింది శుభ్రం చేసే మందు ఒక్కటే.

ఆ మందుకి విలువ లేదనను. అమెరికాలో కార్ల కంపెనీలే 2004లో టాప్ టియర్ అని ఒక ప్రమాణం పెట్టి, పెట్రోలులో మందు మోతాదు ఇంత ఉండాలని చెప్పాయి. ఆ ప్రమాణానికి లోబడని పెట్రోలు వాడితే మసి సగటున 19 రెట్లు ఎక్కువ పేరుకుందని ట్రిపుల్ ఏ పరీక్షలో తేలింది. కాబట్టి మందు పని నిజమైన పనే. అయితే దానికోసం ప్రతిసారీ ట్యాంకు నిండా ప్రీమియం పోయించక్కర్లేదు. మూడు నాలుగు నెలలకోసారి ఓ ట్యాంకు ప్రీమియం పోయించినా, సర్వీసింగ్‌లో ఇంజెక్టర్లు శుభ్రం చేయించినా సరిపోతుందని నా అభిప్రాయం. ఇంకో మెలిక కూడా ఉంది. ఇప్పుడొస్తున్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది, లోపలికి గాలి వచ్చే వాల్వులని తాకదు. పెట్రోలులో ఎంత మంచి మందు కలిపినా ఆ వాల్వుల మీద మసిని కడగలేదు.

మైలేజీ తగ్గిందన్న గోల మీద కూడా ఒక మాట. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే. ఇరవై శాతం కలిపితే మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. ఇంజను ఈ20కి అనువుగా ఉంటే ఆక్టేన్ వల్ల కొంత తిరిగి రాబట్టుకుంటుంది. ఈ10కి తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో ఒకటి రెండు శాతం, మిగతావాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గొచ్చని అదే మంత్రిత్వ శాఖ ఒప్పుకుంది. మా ఊళ్లో 2015, 2016 మోడళ్లు నడిపేవాళ్లు మైలేజీ పోయిందంటే అది భ్రమ కాదు. కానీ దానికి విరుగుడు ప్రీమియం కాదు. 95 ఆక్టేన్ ప్రీమియంలో కూడా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ లేదని చెప్పుకునేది 100 ఆక్టేన్ రకమే, దాని ధర ఏమిటో పైన చూశాం. ఇథనాల్ తప్పించుకోడానికని పవర్ కొట్టించేవాళ్లు డబ్బూ పోగొట్టుకుంటున్నారు, అనుకున్నదీ దక్కించుకోవడం లేదు.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. బ్రిటన్లో 2021 సెప్టెంబరు నుంచి సాదా పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అయినా పాత కార్ల కోసం అయిదు శాతం దాటని సూపర్ రకాన్ని బంకుల్లో ఉంచారు. ఎక్కువ డబ్బు పెడితే ఇథనాల్ తక్కువున్న పెట్రోలు దొరుకుతుంది. అక్కడ ప్రీమియానికి ఒక అర్థం ఉంది. బ్రెజిల్ 2025 ఆగస్టులో 30 శాతానికి వెళ్లింది, కానీ అక్కడ 2003 నుంచే ఏ పాళ్లకైనా సర్దుకుపోయే ఇంజన్లు అమ్ముతున్నారు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని మన దేశంలో వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. మొక్కజొన్న వేసే రైతుకి ఇథనాల్ వల్ల గిరాకీ పెరిగింది, అది నాకు సంతోషమే. కానీ అదే రైతు పదేళ్ల పాత బండికి వేరే దారి చూపించకపోవడం న్యాయంగా తోచదు.

అమెరికా నుంచి వచ్చే పిల్లల వల్ల ఇంకో తికమక పుడుతుంది. డాలస్ లోనో న్యూజెర్సీ లోనో ఉండే అబ్బాయి ఇంటికొచ్చి, "అక్కడ మేం 87 పోయిస్తాం నాన్నా, 93 ప్రీమియం" అంటాడు. మన 91 వాళ్ల ప్రీమియంతో సమానమేమో అని తండ్రి పొంగిపోతాడు. కొలిచే పద్ధతి వేరు. మనం చెప్పే అంకె ఒక రకం పరీక్షది. అమెరికావాళ్లు రెండు రకాల పరీక్షల సగటు వేస్తారు, అందుకే అంకె తక్కువ కనిపిస్తుంది. వాళ్ల 87 మన 91కి దగ్గర, వాళ్ల 91 మన 95కి దగ్గర. దుబాయిలో ఉండేవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. అక్కడి 91, 95, 98 మన కొలతలోవే.

ధర మాట వచ్చినప్పుడల్లా మావాళ్లు కృష్ణ అవతలికి చూపిస్తారు. పొందుగుల దగ్గర వంతెన దాటితే వాడపల్లి, తెలంగాణ. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకి 4 రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఒక రూపాయి. తెలంగాణలో 35.2 శాతం వ్యాట్ ఒక్కటే. శాతం చూస్తే అక్కడే ఎక్కువ, చివరికి లీటరు ధర అక్కడే సుమారు రెండు రూపాయలు తక్కువ. మిర్యాలగూడ, నల్లగొండ వైపు ఎలాగూ పోయేవాళ్లు అక్కడ ట్యాంకు నింపుకోవడం తెలివైన పనే. అందుకోసమే పోతే మాత్రం గిట్టదు. రానూ పోనూ పాతిక కిలోమీటర్లు అనుకున్నా లీటరున్నర కాలుతుంది, 170 రూపాయలు. 35 లీటర్లకి మిగిలేది 70. అయినా ఈ రెండు రూపాయల కోసం వంతెన దాటే మనిషే ఇవతల అవసరం లేని పవర్‌కి ఏడున్నర ఇచ్చి వస్తుంటాడు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రీమియం ఎవరికి కావాలి? కారు పెట్రోలు మూత తలుపు వెనక ఒక స్టిక్కరు ఉంటుంది, లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. అక్కడ 95 తప్పనిసరి అని ఉంటే, సాదా పెట్రోలు ఇప్పుడు 95 అన్నా బంకులో ఆ అంకె రాసి ఉండదు కాబట్టి, ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాలి. 91 చాలు, 95 మంచిది అని ఉన్న టర్బో బండి అయితే ఎండల్లో, నిండా బరువుతో దూరం పోయేటప్పుడు పోయించుకోవచ్చు, మిగతా రోజుల్లో సాదా. 91 అనో, మామూలు అన్‌లెడెడ్ అనో ఉంటే సాదా తప్ప మరొకటి అక్కర్లేదు. స్ప్లెండర్లకి, మోపెడ్లకి, పొలానికి తోలే పాత కార్బురేటర్ బళ్లకి ప్రీమియం పోయడమంటే చేతిలో డబ్బు చేనుగట్టున పారేసుకోవడమే. ఇంజను కొట్టుకునే సూచన పట్టుకుని రవ్వ సమయాన్ని మార్పించే నాక్ సెన్సర్ వాటిలో లేదు. ఎక్కువ ఆక్టేన్‌ని వాడుకునే ఏర్పాటే లేదు వాటికి.

చిన్న ఊళ్లలో ప్రీమియం గురించి ఆలోచించాల్సింది ఇంకొకటుంది. అది నెమ్మదిగా అమ్ముడుపోయే సరుకు. భూగర్భ ట్యాంకులో ఎక్కువ రోజులు నిలవుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది, వానాకాలంలో మరీను. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. కాబట్టి ఏ రకం అన్నదానికన్నా, బళ్లు ఎక్కువ వచ్చిపోయే బంకు ఏది అన్నది నా లెక్కలో ముందు వస్తుంది. అనుమానం వస్తే అడిగే హక్కులు మనకున్నాయి. ఫిల్టర్ పేపర్ మీద రెండు చుక్కలు వేయించుకోవచ్చు, మంచి పెట్రోలు మరక మిగల్చకుండా ఎగిరిపోతుంది. అయిదు లీటర్ల కొలత పాత్రలో కొట్టి చూపించమనొచ్చు, 25 మిల్లీలీటర్లకి మించి తగ్గకూడదు. సాంద్రత చూడమనొచ్చు.

ఆ ఏడాదికి మిగిలే అయిదున్నర వేలతో ఇక్కడ చేయించుకోవాల్సిన పనులు కళ్లెదురుగా ఉన్నాయి. టైర్లలో గాలి సరిగ్గా ఉంచితే మైలేజీ మూడు శాతం దాకా మెరుగుపడొచ్చు. పిడుగురాళ్ల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువుకన్నా ముందే మార్చాలి. కొత్త ఇంజన్లలో అది మూసుకుపోతే ముందు పోయేది మైలేజీ కాదు, లాగుడు. "నార్మల్ పోస్తే లాగట్లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎన్ని అక్కడ తేలతాయో చూడాలి. కూలెంట్ తగ్గితే కూలెంటే పోయాలి, బోరు నీళ్లు కాదు. పత్తి ఏరే రోజులు అయిపోయాక రేడియేటర్‌ని ఒకసారి నీళ్లతో కడిగించాలి.

బంకు కుర్రాణ్ని నేను తప్పుపట్టను. అడగమన్నది అడుగుతాడు. అడగకుండానే పవర్ పైపు పెట్టేసి, "అదే వస్తోంది సార్" అన్న సందర్భం మాత్రం నాకు ఒకసారి ఎదురైంది, ఆ బంకుకి మళ్లీ పోలేదు. అమెరికాలో ప్రతి పంపు మీద ఆక్టేన్ అంకె పసుపు స్టిక్కరు మీద అతికించి ఉంచాలని చట్టం ఉంది. మన బంకుల్లో ఏ రోజుకారోజు పెట్రోలు సాంద్రత రాసి పెడతారు, రాసినట్టు చూసే ఉంటారు. సాదా పెట్రోలుకి ఆక్టేన్ ఎంత, ఇథనాల్ ఎంత శాతం, పక్కన ప్రీమియానికి ఎంత అన్నది కూడా రోజూ రాయమని కంపెనీలని అడగాలి. సాంద్రత రాసే ఆ పలక మీదే వాటికి చోటుంది.